బురద పెట్టెలు

భూగర్భ సర్వే ఆఫీసులో అందరూ ఆమెను రాళ్ళక్క అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. కొండ మీద బోర్లు వేసి తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరసగా సర్ది షెడ్డులో కాపాడడం పెళ్ళికి ముందునుంచీ ఆమె పని.

ఆ కొండ ఒకప్పుడు సముద్రపు అడుగు. నీటి కింద ఇసుకా రాళ్ళూ వాలు వెంట విరుచుకుపడి లోతైన కాలువలు కోశాయి. తరవాత వచ్చిన ప్రవాహాలు ఆ కాలువలనే గులకరాళ్ళతో నింపాయి. ప్రవాహం సద్దుమణిగినప్పుడల్లా మెత్తని బురద దిగి పైన కప్పింది. అంతా గట్టిపడి రాయైంది.

ఆమె సెలవు నుంచి వచ్చేసరికి షెడ్డు సగం ఖాళీ. గుమ్మంలో లారీ.

"ఎవరు చెప్పారు?"

"పెద్దసారేనమ్మా. కార్లు పెట్టుకోడానికి చోటు కావాలట. వీటితో వెనక గుంత పూడుస్తున్నాం," అన్నాడు డ్రైవరు.

ఆమె చెయ్యి చాచి లారీ తాళంచెవి లాగేసింది.

"అమ్మా, నా పొట్ట కొట్టకండి."

"కోపం నీ మీద కాదయ్యా. నీడలో కూర్చో."

పెద్దసారు దిగివచ్చాడు. "గులకరాళ్ళవి నాలుగు ఉంచుకోండి మేడం, చూడ్డానికి బాగుంటాయి. ఆ బురదెందుకు?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఆ రాళ్ళు ఒక్క పూటలో కొట్టుకొచ్చి పడ్డాయి సార్! ఈ వేలెడు బురద పేరుకోడానికి వేల ఏళ్ళు పట్టింది. మధ్యలో సముద్రం ఎంతకాలం నెమ్మదిగా ఉందో చెప్పేది ఇదే!"

"అరవకండి."

"అరుస్తాను! నేనున్నప్పుడు అడిగితే మెల్లగానే చెప్పేదాన్ని. సెలవు పెట్టేదాకా ఆగారేం?"

కిటికీల్లోంచి తలలు తొంగిచూశాయి. ఆయన మొహం గంటు పెట్టుకుని, "సరే, మిగిలినవి ఉండనివ్వండి," అని వెళ్ళిపోయాడు. లారీలోని పెట్టెలు లోపలికి చేరాకే ఆమె తాళంచెవి ఇచ్చింది.

అప్పటికే పారబోసినవాటి కోసం ఆమె వెనక గుంత దగ్గరికి వెళ్ళింది. అందులో వాన నీళ్ళు నిలిచాయి. బురద గట్టిపడిన కడ్డీలు నీళ్ళలో నాని ఉబ్బి, ముట్టుకుంటే చేతిలోనే విడిపోయాయి. గులకరాళ్ళ ముక్కలు మిగిలాయి గానీ ఏది పైదో, ఏది కిందదో తెలియదు. కోపంతో ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చిన కోడలిని అత్తగారు ఎగాదిగా చూసింది. "ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఉంది. పెట్టెలే సగం పోయాయత్తయ్యా."

"తిట్టావా వాణ్ణి?"

"తిట్టాను."

"చాలినన్ని?"

"చాల్లేదు."

"అయితే ముందు అన్నం తిను. రేపు మళ్ళీ తిడుదువు గాని."

మర్నాడు ఆమె షెడ్డుకు కొత్త తాళం వేసింది. తాళంచెవి పంపమని పెద్దసారు గది నుంచి కబురొస్తే, ఆయన్నే వచ్చి అడగమంది. ఆయన రాలేదు. ఆమె కోపమూ దిగలేదు.