అంకమ్మరావు స్నానం

పక్షవాతం వచ్చాక అంకమ్మరావు సొంతంగా చేసుకోగలిగిన పని స్నానం ఒక్కటే. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎడమచేత్తో తినడానికి ఆయన ఒప్పుకోడు కాబట్టి అన్నం భార్య కోటిరత్నం కలిపి పెట్టాలి. చొక్కా గుండీలూ ఆవిడే పెట్టాలి. బాత్‌రూమ్‌లో మాత్రం ఎడమచేత్తో పంపు పట్టుకుని స్టూలు మీద కూర్చుని, తలుపు దగ్గరకు వేసుకుని, తీరిగ్గా నీళ్ళు పోసుకునేవాడు. గుంటూరు మిర్చి యార్డుకు ఏళ్ళ తరబడి ఆటోలో టిక్కీ బస్తాలు తోలిన మనిషి. ఆ తలుపు వెనక కాసేపు పాతమనిషిలా ఉండేవాడు.

వానాకాలంలో ఆ పంపు షాక్ కొట్టడం మొదలుపెట్టింది. పై అంతస్తులో ఎవరైనా మోటారు వేసినప్పుడే కొట్టేది. తడిసిన గోడలో మోటారు వైరు ఎక్కడో తేలింది. ఎవరు ఎప్పుడు మోటారు వేస్తారో కిందవాళ్ళకు తెలియదు. కోటిరత్నం పంపుకు ప్లాస్టిక్ సంచి చుట్టి, భర్తను వాకిట్లో కూర్చోబెట్టి తనే స్నానం చేయించసాగింది.

"బర్రెను కడిగినట్టు కడుగుతున్నావే" అన్నాడాయన.

"బర్రె అయితే మాట్లాడకుండా నిలబడేది" అంది ఆవిడ.

ఓనరు ఒంగోలులో ఉంటాడు. బిల్డింగును ఒక ఏజెన్సీకి అప్పగించాడు. అద్దె కట్టాలన్నా, రిపేరు చెప్పాలన్నా ఫోన్లో వాళ్ళ యాప్ ఉంది. మీటరు బోర్డుకు వాళ్ళ తాళమే. వైరింగు ముట్టుకుంటే ఖాళీ చేయిస్తామని అగ్రిమెంటులో రాయించుకున్నారు. కోటిరత్నం కరెంటు బొమ్మ నొక్కి కంప్లైంటు పెట్టింది. ఎవరూ రాలేదు.

పక్క పోర్షన్లో ఉండే మెకానిక్ హయాత్ ఒక ఉపాయం చెప్పాడు. "ఒక్కళ్ళు అడిగితే ఎవడు పట్టించుకుంటాడు వదినా? అందరం పెడదాం. ఆఫీసు మీదికి అందరం కలిసి పోయినట్టే."

ఆ సాయంత్రం అన్ని పోర్షన్ల వాళ్ళూ మెట్ల మీద కూర్చుని తలా ఒక కంప్లైంటు పెట్టారు. పై వాటాలో ఉండే ముసలావిడ మదార్‌బీకి ఫోను వాడటం రాకపోతే హయాతే పెట్టిపెట్టాడు. "ఇక పరిగెత్తుకుంటూ వస్తారు చూడండి" అన్నాడు. ఊళ్ళో పని జరగాలంటే అందరికీ తెలిసిన దారి అదే.

వారం గడిచినా అలికిడి లేదు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి నుంచి తాలుకాయలు ఏరే పనికి సెలవు పెట్టి కోటిరత్నం ఏజెన్సీ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ బిందుమాధవి అనే అమ్మాయి కంప్యూటర్లో బిల్డింగు పేరు కొట్టి చూసింది.

"మీ బిల్డింగులో కరెంటు కంప్లైంటు ఒకటే ఉందండి. అదీ అయిపోయిందని ఉంది."

"ఒకటేంటమ్మా, అందరం పెట్టాం."

అమ్మాయి మళ్ళీ వెతికింది. వేసవిలో మదార్‌బీ బాత్‌రూమ్‌లో బల్బు హోల్డరు మార్చిన కంప్లైంటు అది. ఒకే చోటు నుంచి ఒకే రకం కంప్లైంట్లు వరసగా వస్తే సాఫ్ట్‌వేరు వాటిని ఒకటిగా లెక్కేసి పాతదానిలో కలిపేస్తుంది. పాతది పూర్తయింది కాబట్టి ఇవన్నీ పూర్తయినట్టే.

"విడదీయమ్మా మరి."

"నా చేతిలో లేదండి, హెడ్డాఫీసు వాళ్ళే తీయాలి. మెయిల్ పెడతాను. ఈలోగా పంపు పాడైందని పెట్టండి, అది ఎక్కుతుంది. వచ్చినతను చూసి చెబుతాడు."

కోటిరత్నం అలాగే పెట్టింది. మర్నాడే ప్లంబరు వచ్చాడు. ఆవిడ షాక్ సంగతి చెప్పింది. అతను పంపు మీద చెయ్యి పెట్టి చూశాడు. అప్పుడు మోటారు నడవడం లేదు.

"ఏం కొట్టట్లేదే అమ్మా" అంటూ పాత పంపు ఊడదీసి, మెరిసే స్టీలు పంపు బిగించాడు. వెళ్తూ వాకిట్లో కూర్చున్న అంకమ్మరావుతో, "అయిపోయింది బాబాయ్, కొత్తది వేశా" అన్నాడు.

"దాని జోలికి పోబాక, ఇంకా కరెంటాయన రావాలి" అని మరునాడు కోటిరత్నం పనికి వెళ్తూ చెప్పింది. అంకమ్మరావు తలూపాడు. ఆవిడ సందు మలుపు తిరిగాక తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

పంపు పట్టుకుని స్టూలు మీదికి వంగుతుండగా పైన ఎవరో మోటారు వేశారు.

కేక విని వచ్చిన హయాత్ రెంచీతో మీటరు బోర్డు తాళం పగలగొట్టి ఫీజు పీకాడు. అప్పటికి అంకమ్మరావు గోడ మూల పడి ఉన్నాడు. ప్రాణం ఉంది. ఎడమ అరచెయ్యి కాలి, వేళ్ళు ముడుచుకుపోయాయి.

ఆస్పత్రి నుంచి తెచ్చేసరికి హయాత్ గోడ పగలగొట్టి వైరు మార్చేశాడు. తాళం పగలగొట్టినందుకు ఏజెన్సీ అతనికి ఖాళీ చేయమని మెసేజీ పంపింది. "అందరం కలిసి పెట్టకపోతే బాగుండేది వదినా" అన్నాడు. కాదని చెప్పే ఓపిక కోటిరత్నానికి లేదు.

ఇప్పుడా పంపు షాక్ కొట్టదు. యాప్‌లో ఎప్పటిలాగే అయిపోయిందనే ఉంది. అంకమ్మరావు మాత్రం ఆ తలుపు దాటడు. దేన్నైనా పట్టుకుని లేచే చెయ్యి ఆయనకు మిగల్లేదు. పొద్దున్నే కోటిరత్నం వాకిట్లో స్టూలు వేసి నీళ్ళు పోస్తుంది. చెయ్యెత్తమంటే ఎత్తుతాడు, తల వంచమంటే వంచుతాడు. బర్రె మాట మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ ఒకటి రెండుసార్లు తనే ఎత్తి చూసింది. ఆయన కళ్ళు మూసుకుని, నీళ్ళు అయిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.