లాల్‌బీ చేతికి తాపీ వచ్చిన ఎండాకాలం

జమ్మలమడుగులో సరోజమ్మ టీచరు ఇంటికి పడమటి గోడ, దక్షిణపు గోడ పైనుంచి కిందిదాకా రేకులతో కప్పి ఉండేవి. రాళ్ల మధ్య మట్టి వానలకు కారిపోతోందని, అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నాయన ఎప్పుడో చెక్కపట్టీలు కొట్టి వాటికి ఈ రేకులు బిగించాడు. వానను ఆపాయేమో గానీ, ఎండాకాలం వస్తే అవి పెనాలే. మధ్యాహ్నం లోపలి గోడకు వీపు ఆనిస్తే చురుక్కుమనేది. గాలి లేస్తే దబదబా మోత. టీచరు భర్త దాసయ్య ఏ మాటైనా రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం, బడి సెలవుల్లో, ఆ రేకులు పీకించి సున్నపు గార వేయించాలని సరోజమ్మ పట్టుబట్టింది. ఖాజా మేస్త్రికి కబురంపితే ఆయన అక్క లాల్‌బీ వచ్చింది.

లాల్‌బీకి అప్పటికి నలభై రెండేళ్లు. పన్నెండో ఏట నుంచి సున్నంలోనే బతికింది. మొదట నాయన వెంట, భర్త పోయాక తమ్ముడి వెంట. ఎద్దు తిప్పే గానుగలో సున్నమూ ఇసకా వెన్నలా నలిగేదాకా నీళ్లు చల్లడం, కరక్కాయలు నానబెట్టి ఆ నీళ్లలో బెల్లం కరిగించి గారకు పట్టించడం ఆమె పని. రెండు వేళ్ల మధ్య గార రుద్ది చూసి, "ఇంకా రెండు చుట్లు తిప్పు" అనేది. ఆమె మాట ఎప్పుడూ తప్పలేదు. అయినా తాపీ మాత్రం ఎవరూ ఆమె చేతికివ్వలేదు. పరంజా ఎక్కేది మగవాళ్లే.

"ఖాజా పులివెందులకు పోయినాడమ్మా. ఆడేదో బడి కడతాండారు. రెండు నెల్ల దాకా రాడు," అంది లాల్‌బీ.

సరోజమ్మ ముఖం వాడిపోయింది. "అప్పటికి వానలొస్తాయి గదా! మళ్లీ ఏడాది ఈ రేకుల్లోనేనా?"

లాల్‌బీ ఒక రేకు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసుకుంది. "యా అల్లా! దీంట్లో ఎట్టుంటాండారమ్మా?"

"ఉడుకుతాండాం. నువ్వు వెయ్యలేవా గార?"

ఆ మాట అంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు. లాల్‌బీ గోడ వంక తిరిగింది. "కలిపేది తెలుసు. ఏసేది ముప్పై ఏండ్లుగా చూస్తానే ఉండా."

"ఇంక చూసింది చాలు. వెయ్యి."

మర్నాడు లాల్‌బీ, ఆమె జతకూలి ఈశ్వరమ్మ కలిసి రేకులు పీకారు. ఒక్కో రేకు వెనకనుంచి ఒక్కో తేలు. ఏడో తేలు బయటపడ్డప్పుడు దాసయ్య చెప్పులు చేతబట్టుకుని అరుగెక్కి నిలబడ్డాడు. "మనకంటే వీళ్లే ఎక్కువ మంది ఉండారు గదా ఈ ఇంట్లో!" అన్నాడు. ఆడవాళ్లు ముగ్గురూ పగలబడి నవ్వారు.

సందుల్లో పాత మట్టి గోకి, రాతిముక్కలు దిగ్గొట్టి, నీళ్లు చల్లి, లాల్‌బీ మొదటి గార దక్షిణపు గోడకు కొట్టింది. అందరు మేస్త్రీల లాగే అన్నం తిన్నాక మొదలుపెట్టింది. సాయంత్రానికి గోడ నున్నగా కనిపించింది. తెల్లారి చూస్తే ఎండిన చెరువు అడుగులా గోడంతా నెర్రెలు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. "ఆడోళ్లు ఏసిన గార ఇంతేలే," అన్నాడొకాయన.

లాల్‌బీ సుత్తి తీసుకుని, తాను వేసిన గారంతా తానే రాల్చేసింది. సరోజమ్మ మజ్జిగ తెచ్చి పక్కన కూర్చుంది.

"గారలో తప్పు లేదమ్మా," అంది లాల్‌బీ ఒక పెళ్ల విరిచి చూపిస్తూ. "ఎండ దీని నీళ్లు తాగేసింది. గార పసిబిడ్డ లాంటిది. నేనే దాన్ని ఎండలో పండబెట్టినా."

ఆ రోజంతా ఆమె పనిముట్టు ముట్టలేదు. ఇంటి చుట్టూ తిరుగుతూ, ఏ గోడ మీద ఎప్పుడు నీడ పడుతుందో బొగ్గుతో గీతలు పెట్టుకుంది. ఆ పైన పొద్దు పొడవకముందే పడమటి గోడ దగ్గరుండేది. ఎండ తగలకముందే తాపీ కింద పెట్టేది. వేసినంత మేరా తడి గోనెపట్టలు వేలాడదీసి, వాటి మీద ఈశ్వరమ్మ చేత పొద్దుగూకేదాకా నీళ్లు చల్లించేది. సరోజమ్మ కొంగు దోపుకుని తానూ బిందె అందుకుంది. మనిషెత్తు గోడకు రెండు రోజులు పట్టినా లాల్‌బీ తొందరపడలేదు. దక్షిణపు గోడకు తాటాకుల పందిరి వేయించి దాని నీడలో పని చేసింది. చివరి పూత నున్నని సున్నం. దాన్ని పెన్న ఇసకలో ఏరిన గులకరాయితో రుద్దీ రుద్దీ అద్దంలా తేల్చింది.

పట్టలు తీసిన రోజు గోడలో వెంట్రుకంత నెర్రె లేదు. మిట్టమధ్యాహ్నం దాసయ్య లోపలి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అలాగే నిద్రపోయాడు. సరోజమ్మ ఈశ్వరమ్మను పిలిచి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆ దృశ్యం చూపించింది.

బక్రీదు పండగకు ఊరొచ్చిన ఖాజా, టీచరు ఇంటికి గార పడిందని విని, అక్కను వెంటబెట్టుకుని నేరుగా అక్కడికే వచ్చాడు. గోడను వేలి కణుపులతో తట్టాడు, గోటితో గీశాడు, పక్కనుంచి ఒక కన్ను మూసి చూశాడు. ఎక్కడా డొల్ల మోత లేదు.

"ఎవరేసినారు ఆపా?" అని అక్కను అడిగాడు.

"నేనే."

ఖాజా నవ్వబోయి ఆగాడు. మళ్లీ తట్టాడు. "పులివెందులలో పడమటి గోడ రెండు తూర్లు నెర్రెలిచ్చింది ఆపా. మాకెవరికీ అంతు పట్టల్యా. ఇది ఎట్ట నిలబెట్టినావు?"

"వొచ్చి ఏసి చూపిస్తాలే. ముందు సేమియా తిందువు రా," అంది లాల్‌బీ.

పండగ వెళ్లాక అక్కాతమ్ముళ్లు పులివెందుల బస్సెక్కారు. బడి దగ్గర కూలీలు ఖాజా చుట్టూ చేరి ఆ రోజు పనేంటని అడిగారు. ఆయన తన తాపీ తీసి అక్కకిచ్చి, "ఈ గోడకు మేస్త్రి మా ఆపా. ఆమెనే అడగండప్పా," అన్నాడు.

లాల్‌బీ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని పరంజా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. తర్వాత పదిహేనేళ్లు పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా ఎండ గోడలన్నిటికీ ఆమెనే పిలిచేవారు. ఆ పొద్దున మాత్రం ఆమెకు ఒకటే తొందర.

"చూస్తా నిలబడినారేంది? నీడ పోతాంది. తేపోండి గార!"