పసుపు రాసిన పుట్టినరోజు కార్డు

ఆరో తరగతిలో నాకున్నంత పౌరుషం ఆ తర్వాత ఇంకెప్పుడూ లేదు. ఎవరితో మాట్లాడాలి, ఎవరితో మానెయ్యాలి అన్నది ఆ వయసులో నాకు అన్నం నీళ్లకంటే పెద్ద విషయం. అప్పట్లో మేం భిలాయిలో సెక్టర్ 2 క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న స్టీల్ ప్లాంటులో ఇంజనీరు. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికొచ్చి, ఆ తర్వాత అమ్మనీ, అమ్మతోపాటు ఆవకాయ జాడీలనీ తెచ్చుకుని అక్కడే స్థిరపడిపోయారు. నేనూ అక్కా అక్కడ పుట్టిన సరుకే. నాకు కలలు కూడా హిందీలో వచ్చేవి (చీవాట్లు మాత్రం తెలుగులో తినేదాన్ని). గోడకు అవతలి క్వార్టర్లో పింకీ ఉండేది. దానికి వేరే మంచి పేరు ఉందట గానీ స్కూలు హాజరుకి తప్ప ఎవరూ వాడిన గుర్తు లేదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మేమిద్దరం ఒకే వ్యాన్‌లో స్కూలుకి వెళ్లేవాళ్లం, ఒకే జామచెట్టు కాయల మీద దెబ్బలాడుకునేవాళ్లం, సాయంత్రానికి కలిసిపోయేవాళ్లం.

అలాంటిది ఒకసారి నిజంగానే మాట పోయింది. కారణం వ్యాన్‌లో కిటికీ సీటు. ఒకరోజు తను, ఒకరోజు నేను అని ఒప్పందం. మధ్యలో దసరా సెలవులు వచ్చిపడ్డాయి. సెలవులయ్యాక మొదటి రోజు ఎవరి వంతు? సెలవులకు ముందు చివర కూర్చున్నది నువ్వే అని అది, కాదు నువ్వే అని నేను. సాక్షులు లేరు. వ్యాన్ నడిపే భయ్యాని అడిగితే, ఇద్దరూ దిగి నడిచి రండి అని తీర్పు చెప్పాడు. పింకీ చిటికెన వేలు నా ముక్కు ముందు ఆడించి 'కట్టీ' అనేసింది. మన వైపు పిల్లలు కటీఫ్ అంటారే, అదే. నేనూ రెండు చేతుల చిటికెన వేళ్లూ చూపించాను, ఒకటి ఎక్కువే ఉండాలని. ఆ తర్వాత చలికాలం వచ్చేసింది గానీ ఆ వేళ్లు దిగలేదు. ఎవరు ముందు మాట్లాడితే వాళ్లు ఓడినట్టు. నేను ఓడే రకం కాదు, అదీ కాదు.

ఇంతలో పిడుగులాంటి వార్త. పింకీ వాళ్ల నాన్నకి రిసాలిలో పెద్ద క్వార్టర్ వచ్చిందట, నెలాఖరుకి వెళ్లిపోతారట. రిసాలి ఏమైనా సముద్రాల అవతల ఉందా అంటే లేదు. స్కూటర్ మీద వెళ్తే చెప్పుకోవడానికి సిగ్గుపడేంత దగ్గర. కానీ అటు వెళ్తే స్కూలు మారుతుంది, వ్యాన్ మారుతుంది, గోడకు అవతల ఇంకెవరో వస్తారు. కట్టీలోనే వెళ్లిపోతే ఆ కట్టీ ఎప్పటికీ అలాగే ఉండిపోతుందని నాకు గట్టి భయం పట్టుకుంది. ఆ భయంతో అన్నం సహించలేదు. మధ్యలో ఒక్కటే ఆశ, పింకీ పుట్టినరోజు. ఆ రోజు కార్డు ఇస్తే ఇచ్చినట్టూ ఉంటుంది, నోరు విప్పి నేను ముందు మాట్లాడినట్టూ ఉండదు. కొన్న కార్డయితే అమ్మ కొనిపెట్టిందనుకుంటుంది. కాబట్టి స్వహస్తాలతో తయారు చెయ్యాలని నిశ్చయించుకున్నాను. (నా స్వహస్తాల సంగతి క్రాఫ్టు టీచరుకి బాగా తెలుసు. ఆవిడ నా పనికి మార్కులు వేసే ముందు కాసేపు కళ్లు మూసుకునేది.)

ఆదివారం నాన్న ఫోను అడిగి తీసుకుని వీడియో పెట్టాను. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం, చిటికెలో అయిపోయే అందమైన కార్డు అని ఒక దీదీ తియ్యగా మాట్లాడుతూ చూపించింది. ఆవిడ కాగితం మడిస్తే కత్తితో కోసినట్టు ఉంది. నేను మడిస్తే చపాతీ మడిచినట్టు ఉంది. ఆవిడ గులాబీ రంగు కాగితాన్ని పాముచుట్టలా కోసి, వేలికి చుట్టి వదిలితే గులాబీ పువ్వయింది. నాది అలాగే చుట్టి వదిలితే అచ్చంగా గోబీ పువ్వయింది. వెనక నిలబడి చూస్తున్న నాన్నకి ప్రాణం ఒప్పలేదు. ప్లాంటులో తిన్నగా ఉన్న పట్టాలు చూసీ చూసీ ఆయనకి వంకర కనిపిస్తే ఒళ్లు దురద పెడుతుంది. "సెంటర్ లైన్ గియ్యలేదేటమ్మా? మడత ఓ పక్కకి పోనాది," అని స్కేలు తెచ్చి, పెన్సిల్ చెక్కి, కళ్లజోడు సవరించుకుని కొలత మొదలుపెట్టారు. అంచులు కోసీ కోసీ ఆయన సెంటర్ లైన్ కుదిరేసరికి నా చార్టు కాగితం అరచేతంత మిగిలింది. పని చాలా ఖచ్చితంగా వచ్చిందని తృప్తి పడి ఆయన పేపరు చదువుకోవడానికి వెళ్లిపోయారు.

కాగితం అయిపోయింది, రేపే పుట్టినరోజు. ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడు వీడియో దీదీయే దారి చూపించింది. కార్డు మడవడం రానివాళ్లు దిగులు పడక్కర్లేదు, ఇంట్లో పనికిరాని పాత గట్టి కార్డు ఏదైనా తీసుకుని దాని మీద అలంకరించండి అంది. మా ఇంట్లో పాత కార్డులకు కరువా? అమ్మ ఎవరి శుభలేఖనీ పారెయ్యదు. దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని చెత్తలో ఎలా వేస్తారు? పదేళ్లుగా భిలాయిలోనూ, శ్రీకాకుళంలోనూ జరిగిన పెళ్లిళ్లన్నీ మా బీరువా అడుగున ఉన్నాయి. వాటిలోంచి అట్టలా గట్టిగా ఉన్న ఎర్రటి కార్డు ఒకటి ఎంచుకున్నాను. మీద బంగారు రంగులో ఉబ్బెత్తు వినాయకుడు. ఆయన్ని కదిలించడానికి భయం వేసి అలాగే ఉంచేశాను. కింద వధూవరుల పేర్ల మీద నా గోబీ పువ్వు అంటించాను. లోపల తెల్ల కాగితం అతికించి, మెరిసే పెన్నుతో హిందీలో రాయాల్సింది రాశాను. పైన ఏమీ రాయలేదు, పైభాగం సాదాగా ఉంటేనే అందమని దీదీ చెప్పింది మరి. తాడు కట్టిన ఆ పెళ్లి కవరే దీనికీ సరిగ్గా సరిపోయింది. తలెత్తి చూస్తే అమ్మ. "ఒలే, కాయితాలు అంటించినావా, నిన్ను నువ్వే అంటించుకున్నావా?" అంది. జుట్టులో కూడా జిగురే.

మా అమ్మకి ఒక అలవాటుంది. ఇంట్లోకి వచ్చేదానికీ, ఇంట్లోంచి మంచి పని మీద వెళ్లేదానికీ పసుపు పెట్టాల్సిందే. కొత్త కూలర్‌కి పెట్టింది, నాన్న స్కూటర్‌కి పెట్టింది, అక్క హాల్ టికెట్‌కి పెడితే కాలేజీలో ఆ మూల నంబరు కనపడక గొడవైంది. వినాయకుడున్న నా కార్డు చూడగానే ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. "శుభమా అని ఎల్తన్న కాయితం. ఉత్తినే ఎలాగ పంపుతారే? ఇలగ తే," అని నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యన కుంకుమ బొట్టు పెట్టి, కవరుకి కూడా అదే మర్యాద చేసి ఇచ్చింది. నాకు చాలా నిండుగా కనిపించింది. ఏదో తక్కువైందనుకుంటున్నాను, ఇదేనన్నమాట అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న జ్వరం వంక పెట్టి స్కూలు మానేశాను. పింకీ వ్యాన్ ఎక్కేదాకా ఆగి, వాళ్ల వరండాలో ఎండకి కూర్చున్న దాదీ పక్కన కవరు పెట్టేసి, ఒక్క మాట లేకుండా పరుగున వచ్చేశాను. దాదీ అంటే పింకీ వాళ్ల నాయనమ్మ. ఆవిడకి దగ్గర చూపు ఆనదు. కవరులోంచి సగం లాగి తడిమింది. వేలికి ఉబ్బెత్తు వినాయకుడు తగిలాడు. మూలకి పసుపు. ఇది శుభలేఖ కాకపోతే మరేమిటి? తెచ్చింది పక్కింటి చిన్నపిల్ల, ఆ ఇంట్లో పెద్దపిల్లకి పెళ్లీడు. ఇంక సందేహం ఏముంది? వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి. పెళ్లి కార్డు వస్తే ముందు దేవుడి దగ్గర పెడతారు, ఇంటాయన డ్యూటీ నుంచి వచ్చాకే తెరుస్తారు. దాదీ ఆ పద్ధతి ప్రకారం కార్డుని దేవుడి గూట్లో పెట్టేసి, ఎండకి చేరిన ఆడవాళ్లందరికీ విషయం చెప్పేసింది. నేను మాత్రం మా కిటికీ వెనక నిలబడి, బడి నుంచి వచ్చిన పింకీ ఎప్పుడు కార్డు చూస్తుందా, ఎప్పుడు గోడ దగ్గరికి వస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

ముందు మా అక్క వచ్చింది. అది అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. సైకిల్ గోడకేసి కొట్టి లోపలికొచ్చింది. వీధి మలుపులో ఒక ఆంటీ ఆపి బుగ్గ పుణికిందట, అత్తగారితో ఎలా మెలగాలో చెప్పిందట, పెళ్లయ్యాక చదువు మానొద్దని కూడా చెప్పిందట. "నా పెళ్లంట. వీధంతా పతా ఉంది. నాకే పతా లేదు," అని అమ్మని నిలదీసింది. వీధంతటికీ తెలిసిన పెళ్లి తనకే తెలియదట. అమ్మ తెల్లబోయింది. ఆ వెంటనే ఆవిడకి వేరే భయం పట్టుకుంది. ఇక్కడి తెలుగువాళ్లలో ఒకరికి తెలిసిన కబురు రైలుకంటే ముందు శ్రీకాకుళం చేరుతుంది. రేపొద్దున్న మా మేనత్త ఫోన్ చేసి, మాకు చెప్పకుండా పెళ్లేమిటని ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే ఆపడం ఎవరి తరం కాదు.

సరిగ్గా అప్పుడు నాన్న చేతిలో మిఠాయి పొట్లంతో, మొహంలో వెలుగుతో వచ్చారు. వీధి మొదట్లోనే ఇద్దరు ముగ్గురు ఆపి, చేతులు ఊపి, ముబారక్ హో అన్నారట. ఆయన అప్పటికి చాలా కాలంగా ప్రమోషన్ కోసం చూస్తున్నారు. కబురు తనకంటే ముందు వీధికి తెలిసిపోయిందని మురిసిపోయి, వెనక్కి తిరిగి వెళ్లి జిలేబీ కట్టించుకొచ్చారు. అక్క విషయం చెప్పింది. ఆయన కుర్చీలో నెమ్మదిగా కూలబడి, "అయితే ప్రమోషన్ రానేదేటి?" అన్నారు. కూతురి పెళ్లి సంగతి ఆయనకి ఇంకా తలకెక్కనే లేదు.

అప్పుడు తలుపు ధడేలుమంది. పింకీ. స్కూలు బట్టల్లోనే ఉంది, మొహం ఎర్రగా ఉంది. ఇంట్లో అంతమంది ఉన్నారని కూడా చూడకుండా తిన్నగా నా దగ్గరికొచ్చి, "దీదీ కీ శాదీ హై, ఔర్ ముఝే బతాయా తక్ నహీఁ?" అంది. అక్క పెళ్లయితే నాకు ఒక్క మాటైనా చెప్పవా అని. కిటికీ సీటు వేరు, పెళ్లి వేరట. కట్టీ ఉంటే మాత్రం కార్డు మా దేవుడి గూట్లోకి వచ్చేదాకా పెళ్లి దాచేస్తారా, మెహందీ ఎవరితో కలిసి పెట్టుకుంటావు, కొత్త పావడా ఎవరికి చూపిస్తావు అని గుక్క తిప్పుకోకుండా తిట్టింది. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. దసరా నుంచి వినని గొంతు అది. తిడుతోందన్న బాధే లేదు. అది ముందు మాట్లాడిందన్న సంగతి కూడా నాకు తట్టలేదు, ఇన్నాళ్లూ దానికోసమే కదా బిగదీసుకుని కూర్చున్నది. నాకు చటుక్కున ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే, అది పెళ్లి కార్డు కాదు, నీ కార్డు అన్నాను.

అందరం కలిసి వాళ్ల ఇంటికి వెళ్లాం. దాదీ గూట్లోంచి తీసి ఇచ్చింది. పింకీ తెరిచింది. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఇకనుంచి కిటికీ సీటు రోజూ నీదే అని రాసి ఉంది. నాకు అంతకంటే గొప్ప కానుక తట్టలేదు. అది చదివి కార్డు మూసింది. తర్వాత నా వైపు చూసి, మెల్లిగా, "పాగల్ హై క్యా? ఉస్ వ్యాన్ మేఁ తో మైఁ రహూఁగీ హీ నహీఁ," అంది. పిచ్చిదానా, ఆ వ్యాన్‌లో నేనసలు ఉండనే ఉండను కదా అని. నవ్వబోయి ఏడ్చింది. నేను ఏడుస్తూ నవ్వాను. నాన్న జిలేబీ పొట్లం విప్పి, ఏదో ఒక శుభకార్యానికి పనికొచ్చాయిలే అని అందరికీ తలా ఒకటి పెట్టారు. దాదీ మాత్రం అక్క నోట్లో జిలేబీ పెడుతూ, పెళ్లి ఎప్పుడో అయ్యేదే కదా, ముందే తీపి తింటే తప్పేంటి అంది. అక్క ఆ జిలేబీ కోపంగానే తింది గానీ రెండోది కూడా తీసుకుంది.

మిగిలిన ఆ కొద్ది రోజులూ వ్యాన్‌లో నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని బతిమాలుకుంటూ ఉండిపోయాం. ఆ మర్యాదల మధ్య కిటికీ దగ్గర ఎవరో మూడో పిల్ల హాయిగా కూర్చునేది. తర్వాత లారీ వచ్చింది, సామాన్లు ఎక్కాయి, పింకీ రిసాలి వెళ్లిపోయింది. ఆదివారాలు కొన్నాళ్లు వచ్చింది, నేనూ కొన్నాళ్లు వెళ్లాను. తర్వాత తగ్గింది. కానీ కట్టీలో మాత్రం వెళ్లలేదు.

ఇప్పుడు నేను రాయపూర్‌లో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. పక్క సీటు ఆవిడకీ నాకూ మాటలు లేవు. కారణం ఏసీ. ఆవిడకి చలి, నాకు ఉక్క. ఎదురుపడితే ఇద్దరం చాలా మర్యాదగా ఫోను చూసుకుంటాం. ఆవిడ ఇంకొక చోటికి బదిలీ అవుతోందని ఈ మధ్యే తెలిసింది. మంచి మనిషి, టిఫిన్ డబ్బాలో నాకోసం అదనంగా ఇడ్లీ తెచ్చేది. ఒక్క మాట అంటే సరిపోతుందని తెలుసు. రోజూ పొద్దున్నే ఆ మాట అనుకుంటూ బయల్దేరతాను, సాయంత్రం దాన్ని జాగ్రత్తగా ఇంటికి తిరిగి తీసుకొస్తాను. జుట్టు నిండా జిగురుతో పరుగెత్తుతున్న ఆ పిల్ల ఎప్పుడైనా గుర్తొస్తే నవ్వొస్తుంది. పౌరుషం చాలా ఉందని విర్రవీగేది పాపం, నిజానికి ఇన్నేళ్ల నాలో ఏ పౌరుషమూ లేనిది అదొక్కతే.