ఉస్తాద్ పట్టు వదిలిన ఉదయం

పోయిన నెల భుజం నొప్పి భరించలేక నాంపల్లిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన నన్ను పక్కగదిలో కసరత్తులు చేయించే ఒక అబ్బాయికి అప్పగించాడు. "జర నొప్పి ఉంటది ఆంటీ" అంటూ అతను నా చెయ్యి వెనక్కి తిప్పాడు. జరనా! ప్రాణం గొంతులోకొచ్చింది. అరవడానికి ఊపిరి చాలక రెండో చేత్తో బల్ల మీద టపటపా కొట్టాను. అతను వెంటనే వదిలేసి పకపకా నవ్వాడు. "గిది ఏడ నేర్చుకున్నరు ఆంటీ? కుస్తీల ఓడిపోయినోళ్ళు గిట్లనే కొడతరు." ఈ వీధికి రెండు సందుల అవతలే నేర్చుకున్నాను నాయనా అని మనసులో అనుకున్నాను గానీ పైకి అనలేదు. మొదలుపెడితే అతని మిగతా రోగులంతా సాయంత్రందాకా కూర్చోవాలి.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు నాన్న ఉద్యోగంతోపాటు మేమూ తెనాలి వైపు నుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక కిరాయి ఇంట్లో దిగాం. లక్డీకాపూల్‌లో నాన్న ఆఫీసు, పెద్దయ్యాక కోఠీలో నా కాలేజీ. అమ్మకి మాత్రం ఈ ఊరు చాలా ఏళ్ళు రుచించలేదు. ఇక్కడి చింతపండు పులవదనీ, పాలవాడు గేదెని చూపించి ఇంకేదో పోస్తాడనీ రోజూ ఒక ఫిర్యాదు ఉండేది. అన్నయ్య మాత్రం ఎక్కడ పెడితే అక్కడ ఇమిడిపోయే రకం. బొద్దింకని కూడా చంపకుండా చీపురుతో మెల్లగా గుమ్మం దాకా సాగనంపేవాడు. చిన్నప్పుడు నేను రక్కినా, కొరికినా, గిన్నె విసిరినా నవ్వి ఊరుకునేవాడు. అంతటి మెత్తనివాడు సైన్యంలో చేరాడంటే పరిగెత్తడం తప్ప ఇంకేదీ గొప్పగా రాకపోవడమే కారణం. అమ్మ దృష్టిలో అదీ ఒక గవర్నమెంటు ఉద్యోగమే, పెన్షనొస్తుంది.

అరవై ఐదు యుద్ధం అయ్యాక రెండు మూడేళ్ళకి అన్నయ్య కమాండో శిక్షణకి పేరిచ్చాడు. ఆ శిక్షణలోకి తీసుకునే ముందు వారాల తరబడి పరీక్ష పెడతారు. వీపున బరువుతో కొండలెక్కిస్తారు, నిద్రపోనివ్వరు, బురదలో పడుకోబెట్టి తన్నుతారు. అన్నిటినీ తట్టుకున్నాడు. ఆఖరున ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఆపమనేదాకా ముఖం మీద కొట్టుకోమన్నారు. అన్నయ్యకి ఎదురుగా వచ్చినవాడు పక్క మంచంవాడే, ఒకే డబ్బాలో ఊరగాయ పంచుకున్న స్నేహితుడు. వాడు కొట్టాడు. అన్నయ్య కొట్టలేదు. ముక్కు పగిలి, కళ్ళు మూసుకుపోయేదాకా నిలబడి తిన్నాడు. పై అధికారి, "నువ్వు మంచివాడివి, మంచివాళ్ళు మాకు వేరే చోట కావాలి" అని పంపించేశాడట. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈసారి తప్పితే మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వరు. ఇదంతా అన్నయ్య రెండు నెలల సెలవు మీద ఇంటికొచ్చి, వంకరపోయిన ముక్కుతో, తలెత్తకుండా చెప్పాడు. వాడంత సిగ్గుపడడం నేనెప్పుడూ చూడలేదు.

మా వీధి చివర తాలీం ఉండేది. తాలీమంటే కుస్తీ నేర్పే చోటు. లోపల ఎర్రమట్టి గుంట, దానికి నూనే మజ్జిగా కలిపి మెత్తగా తవ్వేవారు. ఆ పుల్లటి వాసన వీధి మొగదాకా వచ్చేది. ఆడవాళ్ళు గడప దాటకూడదు. అక్కడి ఉస్తాద్ ఏభై దాటిన మనిషి, మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. పొద్దున కుస్తీ నేర్పేవాడు, మధ్యాహ్నం తన ఇంటి అరుగు మీద కూర్చుని విరిగిన ఎముకలకి పసరు పూసి వెదురుబద్దలతో కట్టు కట్టేవాడు. అన్నయ్య ఆయన కాళ్ళ మీద పడి, నన్ను కొట్టేవాణ్ణి చెయ్యండి అని అడిగాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే అన్నయ్య మామూలుగా వెళ్ళేవాడు, చితికిపోయి వచ్చేవాడు. పెదవి చీలేది, చెవులు వాచేవి, ఒకరోజు ఉమ్మితే పంటిముక్క పడింది. అమ్మ ఉప్పు మూటతో కాపడం పెడుతూ ఏడ్చేది. అంత తిన్నా వాడికి తిరిగి కొట్టడం మాత్రం రాలేదు. ఒకసారి సందులో ఎదురైనప్పుడు ఉస్తాద్ నాతోనే వాపోయాడు. "మీ అన్న పట్టు పడతడు బిడ్డా, కొట్టుమంటే కొట్టడు. దిల్‌ల కోపమే లేదు. నేను ఏడికెల్లి తెచ్చి పెట్టాలె?"

ఇంతలో పక్కింటావిడ పుణ్యమా అని అమ్మకో సంగతి తెలిసింది. కమాండోలని శత్రువుల దేశంలో రాత్రిపూట దింపేస్తారట, తిరిగి తెచ్చే పూచీ ఎవరికీ ఉండదట. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఉస్తాద్ ఇంటికి బయల్దేరింది. ఆయన మాట తనకి సగమే అర్థమవుతుందని నన్ను తోడు తీసుకెళ్ళింది. ఎందుకు వెళ్తున్నామో మాత్రం చెప్పలేదు.

"అన్నయ్యగారూ, మావాడికి ఒక ఎముక విరగ్గొట్టండి" అంది అమ్మ, అరుగు ఎక్కీ ఎక్కకుండానే.

ఉస్తాద్ చేతిలో పసరు గిన్నె అలాగే ఉండిపోయింది. "ఏందమ్మా గట్లంటవ్? నేను ఇరిగిన బొక్కలు కట్టేటోణ్ణి."

"అందుకే కదా మీ దగ్గరకొచ్చాను. ఎక్కడ విరిస్తే బాగా అతుక్కుంటుందో మీకు తెలుసు. వాడు బతకాలి, పెళ్ళి చేసుకోవాలి. ఆ పరీక్షకి మాత్రం పనికి రాకూడదు."

అమ్మ తర్కం అమ్మది. ఉస్తాద్ పసరు గిన్నె కింద పెట్టాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. ఆఖరికి ఆయన తల వంచుకునే అడిగాడు. "ఏ చెయ్యి చెల్లె?"

అమ్మ కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. "ఎడం చెయ్యి. కుడిచేత్తో అన్నం తినాలి కదండీ."

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అమ్మంటే నాకు మొట్టమొదటిసారి భయమేసింది. ఇంటికొచ్చాక ఈ మాట అన్నయ్యకి తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది.

తెల్లవారి అన్నయ్య తాలీంకి వెళ్ళిన కాసేపటికి అమ్మ కాఫీ గిన్నె దింపి, దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తింది. నేనూ వెనకాలే. తాలీం గడప దగ్గర అమ్మ ఆగిపోయింది. లోపల ఉస్తాద్ అన్నయ్యని మట్టిలో బోర్లా అదిమి, ఎడంచెయ్యి వీపు మీదికి మెలితిప్పి, భుజం మీద మోకాలేశాడు. అన్నయ్య అరచేత్తో నేల మీద కొట్టాడు. అలా కొడితే ఓడిపోయానని అర్థం, ఎదుటివాడు ఆ క్షణమే వదలాలి. తాలీంలో అంతకు మించిన నియమం లేదు. ఉస్తాద్ వదల్లేదు. అన్నయ్య మళ్ళీ కొట్టాడు, మళ్ళీ మళ్ళీ కొట్టాడు. చెయ్యి ఇంకా పైకి లేస్తోంది. అన్నయ్య పెట్టిన కేక మనిషి కేకలా లేదు.

"వద్దు అన్నయ్యగారూ! వదిలేయండి!" అని అరిచింది అమ్మ.

ఉస్తాద్ తలతిప్పి అమ్మని చూశాడు. పట్టు వదిలాడు.

ఆ తర్వాత జరిగింది రెప్పపాటే. అన్నయ్య లేస్తూనే కుడి మోచేత్తో ఆయన నోటి మీద కొట్టాడు. రక్తం, దాంతోపాటు పళ్ళు. పడిపోయిన మనిషి మీదికెక్కి ముఖం మీద గుద్దాడు, మళ్ళీ గుద్దాడు. ఆయన చెయ్యి దొరకబుచ్చుకుని మోకాలికి అడ్డంగా పెట్టి వంచాడు. ఈసారి మట్టి మీద కొట్టుకుంటున్న అరచెయ్యి ఉస్తాద్‌ది. అన్నయ్య వదల్లేదు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. శిష్యులు నలుగురు పట్టి లాగితే గానీ అన్నయ్య లేవలేదు. లేచాక కూడా ఎవరినీ గుర్తుపట్టనట్టు చూశాడు.

ఉస్తాద్‌కి విరిగింది మోచెయ్యి కావడంతో అది సరిగా అతకలేదు. ఉస్తాద్ మళ్ళీ గుంటలో దిగలేదు. అమ్మ రోజూ మెత్తగా కలిపిన పెరుగన్నం పట్టుకెళ్ళేది. మొదటిరోజు ఆయన కాళ్ళ దగ్గర కూలబడితే, వాచిన నోటితో అన్నాడు. "ఏడువకు చెల్లె. నువ్వు పిలిస్తే ఇడిసిన, గంతే. నీ కొడుకు ఇగ పాస్ అయితడు. ఇన్ని దినాలు నేను నేర్పలేంది, నువ్వు ఒక్క పొద్దుగాల నేర్పినవ్."

నిజంగానే పాసయ్యాడు. ఈసారి ఎదురుగా నిలబడ్డవాడి దవడ విరిగిందని ఉత్తరంలో రాశాడు. అదేదో పాలధర రాసినట్టు ఒక్క వాక్యంలో.

శిక్షణ ముగిసి సెలవు మీద వచ్చినప్పుడు, అమ్మకి చీర కొంటానని మమ్మల్ని ఆబిడ్స్ తీసుకెళ్ళాడు. బట్టల దుకాణం మెట్ల దగ్గర ఒక తాగుబోతు తూలి నా మీద పడి, జడ పట్టుకున్నాడు. కావాలనో, పడిపోకుండా ఉండడానికో నాకు ఇప్పటికీ తెలీదు. మరుక్షణం వాడి తల మెట్టుకి తగిలింది. అన్నయ్య ఒక మాట తిట్టలేదు, ముఖంలో కోపం లేదు. పని చేస్తున్నవాడిలా కొడుతూనే ఉన్నాడు. మెట్ల మీద నెత్తురు కారింది. జనం దూరం జరిగారు. అమ్మ వెళ్ళి అన్నయ్య చెయ్యి పట్టుకుంది. అన్నయ్య పిడికిలి ఎత్తే ఉంచి అమ్మ వైపు తిరిగాడు. ఒక్క క్షణం అమ్మని కూడా కొలిచి చూశాడు. అమ్మ తనంతట తానే చెయ్యి వదిలేసింది. చీర కొనకుండా ఇంటికొచ్చాం. ఆ చూపు అమ్మని చచ్చేదాకా వదల్లేదు.

అన్నయ్యకిప్పుడు ఎనభై దగ్గర పడింది. డెబ్భై ఒకటి యుద్ధం నుంచి కూడా చెక్కుచెదరకుండా తిరిగొచ్చినవాడు. ఉస్తాద్ తనని కమాండోని చెయ్యడానికి కావాలనే నియమం తప్పి, చెయ్యి పోగొట్టుకున్నాడని ఇన్నేళ్ళూ నమ్మాడు. పిల్లలకీ మనవలకీ ఆ గురుభక్తి కథే చెప్తాడు, చెప్తూ ఏడుస్తాడు. పక్కన కూర్చుని నేను వింటాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఒట్టు అడ్డమొచ్చింది, ఇప్పుడు అన్నయ్య వయసు అడ్డమొస్తోంది. మధ్యలో చెప్పగలిగిన రోజులు ఎన్నో ఉండే ఉంటాయి, కానీ అవి వెళ్ళేటప్పుడు మామూలు రోజుల్లాగే వెళ్ళిపోయాయి.