చక్రాల డబ్బాకు వాస్తు

ఈ సంగతి నేను ఎందుకు రాస్తున్నానంటే, దీన్ని ఇప్పటికే చాలామంది చెప్పేశారు, అందరూ తప్పుగానే చెప్పారు. మా జగిత్యాల వైపు ఏ పెళ్లిలో బంతిన కూర్చున్నా ఎవరో ఒకరు నన్ను చూపించి, "మస్కట్‌ల కారవాన్‌కు వాస్తు జేసినాయన ఈయననే" అంటారు. ఒకరి కథలో ఆ కారవాన్ వాగులో కొట్టుకుపోతుంది. ఇంకొకరి కథలో నేను దాన్ని ఒక్కణ్ణే భుజంతో తిప్పాను. ఇది ఇంతటితో ఆగితే బాగుండేది. ఇద్దరు ముగ్గురు కొత్త ఇంటి ప్లాను చుట్టచుట్టి పట్టుకొని నా సలహా కోసం వచ్చారు. అప్పుడే నాకు భయం పట్టుకుంది. మా శాఖా గ్రంథాలయంలో వెతికాను. వాస్తు మీద పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి కానీ, చక్రాలున్న ఇంటి గురించి ఒక్క పేజీ లేదు. లేని పేజీ ఎవరో ఒకరు రాయాలి కదా.

నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆ గ్రంథాలయమే. తాళం తీసే మనిషి వచ్చేసరికి నేను మెట్ల మీద కూర్చొని ఉండేవాణ్ణి. బీరువా తర్వాత బీరువా చదివాను. గృహవైద్యం, గ్రహణాలు, వడ్రంగం, తేనెటీగల పెంపకం, వాస్తు, ఏది చదివినా ముఖ్యమైన ముక్కలు నోటుబుక్కులోకి ఎక్కించుకునేవాణ్ణి. ఒమన్‌కు వెళ్లేటప్పుడు ఆ బుక్కును పెట్టెలో పచ్చడి సీసాల మధ్య పెట్టుకున్నాను. దారిలో నూనె కారి కొన్ని పేజీలు పోయాయి. అవి తేనెటీగలవి కాబట్టి పెద్ద నష్టం లేదు.

తొంభైల మొదట్లో నేను, మా మేనమామ ఇబ్రా దగ్గర ఒక రోడ్డు కంపెనీలో షట్టరింగ్ వడ్రంగులం. కాంక్రీటు పోయడానికి చెక్కలతో అచ్చులు కట్టడం మా పని. మామ మేస్త్రీ. నాకు సుత్తి పట్టడం నేర్పింది ఆయనే, వీసా తెప్పించింది ఆయనే. ఆరడుగుల పైన మూడంగుళాల మనిషి. క్యాంపులో ఇచ్చిన ఇనుప మంచం స్ప్రింగులు ఊయలలాగా కిందికి వేలాడేవి. రాత్రంతా అందులో పడుకుంటే పొద్దున మామ కొడవలిలాగా వంగి లేచేవాడు. నిటారు కావడానికి గంట పట్టేది. డ్యూటీ బండి మాత్రం అయిదున్నరకే హారన్ కొట్టేది.

స్ప్రింగుల మీద పలక వేశాం. పై మంచం మనిషి దిగుతూ పలక అంచు మీద కాలుపెట్టాడు, పలక తక్కెడలా లేచింది, ఇద్దరూ కిందపడ్డారు. ఆసుపత్రిలో మన కోస్తా వైపు నర్సమ్మ ఒకామె ఉండేది. నేల మీద పడుకుంటానంటే ఆమె ఒప్పుకోలేదు. "కింద పడుకుంటే లేచేటప్పుడు నడుం పట్టేస్తుంది బాబాయ్ గారూ. గట్టి చెక్క మంచం చేయించుకోండి, మోకాలెత్తున. ఎవర్నో అడగడం దేనికండీ, మీరే వడ్రంగులు గదా!" అంది. ఆమె చెప్పింది నిజమే. కానీ ఎనిమిది మంది ఉన్న రూమ్‌లో మామ పొడుగుకు మంచం వేస్తే తలుపు మూసుకోదు.

ఈలోగా ఫోర్‌మన్ రెండుసార్లు హెచ్చరించాడు. కేరళ మనిషి, చెడ్డవాడు కాదు. "మిస్త్రీ, అబ్ మేరే హాథ్ మే నహీ హై," అన్నాడు. ఇక తన చేతిలో లేదని. పని చెయ్యలేనివాళ్ల పేర్లు పెద్ద ఇంజనీరుకు పంపాలట, ఆయన చూసి నచ్చకపోతే వీసా క్యాన్సిలేనట. మామ కొడుకు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు, ఇంకా రెండేళ్ల చదువుంది. ఆ మాట విని మామ సుత్తిని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు, అది తుడవాల్సిన అవసరం లేకపోయినా.

అప్పుడు నా కన్ను యార్డు వెనకాల పడి ఉన్న కారవాన్ మీద పడింది. ఎవరో యూరపు దంపతులు కారు వెనక తగిలించుకొని దేశాలు తిరిగినదట. వాళ్లు వెళ్లిపోతూ కంపెనీకి ఇచ్చేశారు. కొన్నాళ్లు సైట్ ఆఫీసుగా వాడి వదిలేశారు. రెండు చక్రాలు, ముందు ఒక ముక్కు, కుడి పక్కన తలుపు. అడగ్గా అడగ్గా ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. సైట్‌లో సామాను కాపలాకు ఎలాగూ ఇద్దరు కావాలన్నాడు.

లోపలికి వెళ్లి చూస్తే అది మన కోసం కట్టింది కాదని తెలిసిపోయింది. మెత్తటి సోఫాలు, మడిచే బల్ల, కాఫీ కాచుకునేంత పొయ్యి, గాజు గ్లాసులు తలకిందులుగా వేలాడదీసే కొక్కేలు, బీరువా అంత మరుగుదొడ్డి. మామ ఫోమ్ మీద వాలి నడుము దాకా దిగబడ్డాడు.

"గిది పరుపా, పెరుగన్నమా రా అల్లుడా? పట్టి గుంజు నన్ను."

"అంతా పీకేద్దాం మామా. మనకు తగ్గట్టు మళ్ల కడదాం."

"కడుదువు గని, ఇంతంత పొయ్యి మీద గంజి గూడ కాగది. మనది నాలుగు సోలల గిన్నె."

నేను నోటుబుక్కు తీశాను. యార్డులో కారవాన్ ముక్కు ఉత్తరానికి ఉంది, కాబట్టి తలుపు తూర్పుకు వచ్చింది. అంతకంటే శుభం ఏముంటుంది! వెనక కుడి మూల ఆగ్నేయం, అక్కడ వంట. వెనక ఎడమ మూల నైరుతి, అక్కడ పెద్దవాడి మంచం, తల దక్షిణానికి. ముందు కుడి మూల ఈశాన్యం, దేవుడి అర. వాళ్ల పొయ్యి వాయవ్యంలో, అంటే గాలి మూలలో ఉంది. ఆ దంపతులు ఎందుకు ఊళ్లు పట్టి తిరిగారో నాకు అక్కడికక్కడే అర్థమైంది.

"మామా, తల ఉత్తరానికి పెట్టొద్దు. భూమి పెద్ద అయస్కాంతం. మన రక్తంల ఇనుముంటది. తల ఉత్తరానికి పెడితే అది నెత్తికెక్కుతది. పుస్తకంల ఉన్నది."

"గంత ఇనుమున్నదా నాల?" అని మామ తన చేతులవైపు చూసుకున్నాడు. ఆయన చదువుకోలేదు. నేను పుస్తకంలో ఉందంటే ఆయనకు అంతే.

మూడు సెలవు శుక్రవారాలు పని చేశాం. ఇక్కడ మా వృత్తి అడ్డం వచ్చింది. మాకు తెలిసిన చెక్కపని ఒక్కటే, తడి కాంక్రీటు బరువు మోసేది. మంచానికి నాలుగంగుళాల దుంగలు కాళ్లుగా పెట్టాం. పైన మందపాటి షట్టరింగ్ ప్లైవుడ్, కింద అడుగుకో అడ్డకర్ర, మూలమూలకు ఏటవాలు కర్రలు. ఫోర్‌మన్ తొంగిచూసి, ఒక్కో దుంగనూ తట్టి చూశాడు.

"ఇస్ మే కాంక్రీట్ కబ్ డాలేగా?" అన్నాడు చివరికి. ఇందులో కాంక్రీటు ఎప్పుడు పోస్తారని.

వంటకు మోకాళ్ల ఎత్తున ఒక గట్టు, దాని మీద పెద్ద పొయ్యి. మరుగుదొడ్డిని బియ్యం కొట్టుగా మార్చాం. గాజు గ్లాసుల కొక్కేలకు గరిటెలు వేలాడదీశాం, ఆ కొక్కేలు అందుకే పుట్టినట్టు కుదిరాయి.

మొదటి రోజు పొద్దున మామ హారన్ కంటే ముందే బయట నిలబడి ఉన్నాడు. నిటారుగా. క్యాంపంతా వచ్చి చూసింది. "నీ అల్లుడు సగం డాక్టరే పో," అన్నారు. నేను వినయంగా ఉండడానికి చాలా కష్టపడ్డాను. ఆ వారంలో ముగ్గురికి వాళ్ల మంచాలు ఏ దిక్కుకు ఉండాలో చెప్పాను, అడగకపోయినా.

నెల తిరక్కముందే ఆర్డరు వచ్చింది. యాభై కిలోమీటర్ల అవతల వాదీ మీద కల్వర్టు కట్టాలి, కారవాన్ అక్కడికి పోవాలి. ఎండిపోయిన వాగును అక్కడ వాదీ అంటారు. లారీ నడిపే పఠాన్ దాన్ని వెనక తగిలించుకొని తీసుకెళ్లాడు. మేము సాయంత్రం మనుషుల బండిలో వెళ్లేసరికి కారవాన్‌ను దించేసి, ముక్కు కింద రెండు సిమెంటు దిమ్మెలు పెట్టి, చాయ్ తాగుతున్నాడు.

నేను సూర్యుడివైపు చూశాను. తర్వాత కారవాన్‌వైపు చూశాను. తలుపు మీద అస్తమించే ఎండ పడుతోంది.

ముక్కు దక్షిణానికి పెట్టాడు. అంటే మామ తల ఉత్తరానికి. పొయ్యి వాయవ్యంలో. దేవుడు నైరుతిలో. ఒక్క మేకు కదలకుండా నా వాస్తంతా తలకిందులైంది. మూడు వారాలు కొలతలు తీసిన నాకు, ఆ చక్రాలు తిరగడానికి ఉన్నాయన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు. గదులు కట్టినవాణ్ణే గానీ బండి కట్టినవాణ్ణి కాను.

మామకు చెప్పకూడదనుకున్నాను. కానీ తెల్లారి ఆయన తల పట్టుకొని లేచాడు.

"నెత్తి బరువైతాంది అల్లుడా. నడుం మళ్ల పట్టింది. పొద్దు గా పక్కకెల్లి పొడిసిందేందిరా?"

ఇక దాచలేక చెప్పాను. మామ మంచం మీద నుంచి కిందికి జారి, దానివైపు పాముని చూసినట్టు చూశాడు. "నీ అయస్కాంతం గుంజుతాంది రా," అన్నాడు. దిండు అటు చివరికి మార్చబోతే, అటువైపు కాళ్లు మాత్రమే పట్టేలా బియ్యం కొట్టు గోడ మంచం మీదికి వచ్చి ఉంది. ఆ గోడను అలా జరిపింది నేనే.

మర్నాడు గుడ్లు వేయిస్తుంటే పెనంలో నూనె అంతా ఉత్తరం అంచుకు చేరింది. అన్నం గిన్నెలో నీళ్లు ఉత్తరంవైపు ఎక్కువ. పెనం ఇనుముది, కాబట్టి నాకు అంతా స్పష్టమైంది. నోటుబుక్కులో తేదీ వేసి "నిరూపణ" అని రాసుకున్నాను. అన్నం గిన్నె అల్యూమినియందని గుర్తొచ్చినా, దాని గురించి ఏమీ రాయలేదు.

మామ రోజురోజుకీ వంగుతున్నాడు. గురువారం ఫోర్‌మన్ వచ్చి పక్కకు పిలిచాడు. శనివారం పొద్దున పెద్ద ఇంజనీరు వస్తున్నాడు, మామను చూస్తానన్నాడు. చేతిలో ఒక్క శుక్రవారం ఉంది.

పఠాన్‌ను బతిమాలాను. కారవాన్‌ను ఉత్తరానికి తిప్పమన్నాను. ఎందుకని అడిగాడు. అయస్కాంతం నుంచి మొదలుపెట్టి వచ్చినంత హిందీలో చెప్పాను. అంతా విని, లారీకి శుక్రవారం సెలవన్నాడు. సరే, చేతులతో తిప్పుదామన్నాను. మామూలు కారవాన్ అయితే నలుగురు తిప్పేస్తారు. మాది పన్నెండు మంది పట్టినా కదల్లేదు. దుంగల మంచం, గట్టు, బియ్యం, అన్నీ లోపలే ఉన్నాయి. చక్రాలు గులకరాళ్లలో పాతుకుపోయాయి.

"అరే, ఇది ఇల్లా, బ్రిడ్జా?" అని అరిచాడు నెట్టేవాళ్లలో ఒక నిజామాబాదు అన్న. "మామని తీసుకపోయి దుబాయిల పండవెట్టుడు దీనికన్న అల్కగుంటుండె!"

పలకలు పరిచి, గడ్డపారలతో ఎత్తి, మధ్యాహ్నం దాకా నెట్టి మొత్తానికి తిప్పాం. ముక్కు ఉత్తరానికి వచ్చింది. దాని కింద మళ్లీ అవే రెండు దిమ్మెలు పెట్టాం. నేను అందరికీ చాయ్ కాచాను. పఠాన్ కూడా తమాషా చూడ్డానికి వచ్చి లోపల గట్టు దగ్గర కూర్చున్నాడు. నేను గ్లాసు పెట్టాను. గ్లాసు గట్టు మీద నెమ్మదిగా వెనక్కి, ఈసారి దక్షిణంవైపు, జారి ఆయన ఒళ్లో పడింది.

ఆయన సల్వార్ దులుపుకుంటూ లేచాడు. నన్ను చూడలేదు, మామను చూశాడు. "మిస్త్రీ, పూరా రోడ్ కా లెవల్ తుమ్ దేఖ్తా హై. అప్నా చార్‌పాయీ కా లెవల్ కౌన్ దేఖేగా?" అన్నాడు. రోడ్డంతటికీ మట్టం చూసేవాడివి, నీ మంచం మట్టం ఎవరు చూస్తారని.

మామ బయటికి నడిచి, నీళ్ల పైపు పట్టుకొచ్చాడు. నీళ్లు నింపి మట్టం చూసే ఆ సన్నపైపు లేకుండా మేము ఒక్క పలక కూడా కొట్టం. ఒక కొస తలవైపు, ఒక కొస కాళ్లవైపు పట్టాం. తల వైపు అయిదు వేళ్లు కిందికి ఉంది. ఇబ్రాలో ముక్కు కింద ఒకటే దిమ్మె ఉండేది. ఇక్కడ లారీ ఎత్తుకు సరిపోవాలని పఠాన్ రెండు పెట్టాడు. అంటే మామ వారం రోజులు తల పల్లంలో పెట్టి పడుకున్నాడు. ఆ మాట పఠాన్ చెప్తూ, తప్పు తనదేనన్నట్టు తల గోక్కున్నాడు.

మామ నావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను.

"అయస్కాంతం ఎటు పోయింది రా?"

"పుస్తకంలున్నది మామా..."

"పుస్తకంల నీళ్ల పైపు లేదా?"

ఒక దిమ్మె తీసేశాం. పైపులో నీళ్లు రెండు కొసలా సమంగా నిలబడ్డాయి.

శనివారం పొద్దున ఇంజనీరు వచ్చేసరికి మామ కల్వర్టు గోడ అచ్చు మీద, మనిషిన్నర ఎత్తున, నిలబడి మేకులు కొడుతున్నాడు. ఇంజనీరు కింద నుంచి చూశాడు, చేతిలోని పేర్ల కాగితం చూశాడు, ఫోర్‌మన్‌ను చూశాడు. "ఈయనేనా?" అన్నాడు. ఫోర్‌మన్ అవునన్నాడు. ఇంజనీరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని కాంక్రీటు సంగతి మాట్లాడటం మొదలుపెట్టాడు. అంత పెద్దమనిషి కిందనే ఉన్నా మామ సుత్తి ఆపలేదు. ఆపితే వంగాల్సి వస్తుందేమోనని భయపడ్డానని తర్వాత చెప్పాడు.

ఆ తర్వాత కారవాన్ ఇంకో రెండు చోట్లకు పోయింది, ఒకసారి పడమరకు, ఒకసారి ఏ దిక్కూ కాని మూలకు. ప్రతిసారీ మామ దిక్కు అడక్కుండా పైపు తెచ్చేవాడు. హాయిగా నిద్రపోయేవాడు. కొడుకు పాలిటెక్నిక్ అయ్యేదాకా పని చేసి, నిటారుగా విమానం ఎక్కాడు.

పేర్లు రాయొద్దని మామ ఆన పెట్టాడు కాబట్టి, పిలుపులతోనే అందరికీ దండం పెడుతున్నాను. రెండోసారి ఆసుపత్రికి వెళితే మంచం గురించి అడిగి తెలుసుకొని నవ్విన నర్సమ్మకు. మామ పేరున్న కాగితాన్ని ఇంజనీరుకు పంపకుండా రెండు వారాలు తన దగ్గరే ఉంచుకున్న ఫోర్‌మన్ సాబ్‌కు. సెలవు రోజున భుజాలు పెట్టిన పన్నెండు మందికి, వాళ్లలో తిట్టుకుంటూ నెట్టిన నిజామాబాదు అన్నకు రెండు దండాలు. ఒళ్లు కాలినా కోప్పడని పఠాన్ ఖాన్ భాయ్‌కి. చివరగా మా మామకు. ఆయన ఇప్పటికీ నన్ను ఏదైనా చదివి వినిపించమంటాడు, విన్నాక నమ్మాలా వద్దా అని మా అత్తనడుగుతాడు.