డ్రాజోర్ గాడు నా ప్రమోషన్ మింగేసిన వైనం

నా జీవితంలో నాశనాలకు కొదవ లేదు. కొన్ని దేవుడు చేశాడు, కొన్ని మా ఆవిడ చేసింది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అచ్చంగా నేను చేసుకున్నది. మీరు హాయిగా నవ్వుకోండి. ఏడవాల్సినంతా నేను ఏడ్చేశాను, మీకేమీ మిగల్చలేదు.

దేశం కాని దేశంలో, జురాంగ్ వెస్ట్ అనే చోట మేముండే కూలీల డార్మిటరీ నుంచి లారీలో అరగంట వెళితే ఓడలు బాగుచేసే యార్డు వస్తుంది. అక్కడ నేను సిగ్నల్‌మ్యాన్‌ని. క్రేన్ నడిపేవాడు ఆకాశంలో కూర్చుంటాడు. ఓడ అడ్డం కాబట్టి కింద తను ఎత్తే బరువు తనకే కనబడదు. వాడి కళ్లు నేనే. వాకీటాకీలో నేను లేపమంటే లేపుతాడు, దించమంటే దించుతాడు. ఇదంతా ఇంగ్లీషులో చెప్పాలని రూలు. కానీ క్రేన్ ఆపరేటర్ సన్యాసన్నదీ నాదీ శ్రీకాకుళం జిల్లాయే. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకుంటే ఓడ సిగ్గుతో మునిగిపోతుందని తెలుగులోనే కానిచ్చేవాళ్లం.

సన్యాసన్న పనిలోకి దిగితే దేవుడు. మాట వినబడిందా, చెయ్యి కదిలిందా, అంతే. ఆయనకున్న జబ్బల్లా విలన్లు. చిన్నప్పుడు ఊళ్లో తెర కట్టి వేసిన ఏదో జానపద సినిమాలో ధూమ్రకంఠుడనే మాంత్రికుణ్ణి చూశాడట. వాడు విభూతి చల్లి మనుషుల్ని బల్లుల్ని చేస్తాడు, తన ప్రాణాన్ని మొలతాడులో దాచుకుంటాడు. నా విలన్ వేరే. నేను ఫోన్లో చూసే డబ్బింగ్ బొమ్మల సీరియల్లో డ్రాజోర్ అని ఒకడున్నాడు. నీలం ఒళ్లు, కొండంత మనిషి, గ్రహాల్ని జంతికల్లా నమిలేస్తాడు. వీళ్లిద్దరూ తలపడితే గెలుపెవరిది? ఆరు నెలలుగా మధ్యాహ్నం అన్నాల దగ్గర మాకిదే యుద్ధం.

ఆ రోజూ మొదలైంది.

“ఒరే అప్పలరాజూ! మీవోడు భూమిని మింగాలంటే నోరు తెరవాల కదేటి? తెరిసినాడంటే మావోడు ఇబూది కొట్టీసినట్టే. బల్లయిపోతాడు.”

“అక్కడ గాలుండదన్నా. నీ ఇబూది ఎగరదు.”

“నువ్వెల్లి సూసినావేటి?”

“ఎనిమిదో క్లాసులో చెప్పినారు.”

“ఎనిమిదిలోనే బడి మానీసినోడివి, నాకు సైన్సు సెప్తన్నావా? బల్లి సంగతి సెప్పు!”

“బల్లయినా కొండంత బల్లి అవుతాడు. మీవోణ్ణి దోమనుకోని నాలికతో లాగీగలడు.”

సన్యాసన్న ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. మొహం మాడ్చుకుని క్రేనెక్కేశాడు. నేను విజయగర్వంతో చేయి కడుక్కున్నాను. అలా కడుక్కోవడం ఆ ఒక్క చేతితో ఆగలేదని తర్వాత తెలిసింది.

ఎందుకంటే ఆ మధ్యాహ్నమే నా ప్రమోషన్. చాలాకాలంగా మా సెక్షన్‌లో ఒక్క ప్రమాదమూ జరగలేదని కేకు కోసి, నాకు లిఫ్టింగ్ సూపర్‌వైజర్‌గా ఉత్తర్వు ఇస్తామన్నారు. మా ఆవిడ రవణమ్మకు ముందే చెప్పేశాను. ఆమె మా ఊరికి చెప్పేసింది. చెప్పడంతో ఆగక ఫోన్లో నా పేరు తీసేసి ‘సూపర్‌వైజర్ గారు’ అని పెట్టుకుంది.

మా మేనేజరు ఇక్కడి చైనీయుడు, ఎప్పుడూ తొందరే, మాట చివర ‘లా’ తగిలించడం ఇక్కడి యాస. కేకు వచ్చింది, బల్ల రాలేదు. పక్కనే ఓడ మీదికి ఎక్కించాల్సిన పెద్ద ఇనప పెట్టె ఉంది. దాని నాలుగు మూలలా తాళ్లు తగిలించి, క్రేన్ కొక్కేనికి వేసి సిద్ధంగా ఉంచాం.

“నెవర్ మైండ్ లా, ఫైవ్ మినిట్స్ ఓన్లీ” అంటూ ఆయన కేకు దాని మీద పెట్టించాడు. కేకు పక్కన నా ఉత్తర్వు. తాళ్లకు అడ్డంగా ‘ప్రమాదాలు లేవు’ అని బ్యానరు. ముందు కొక్కెం విప్పించండి బాబూ అని చెప్పాల్సిన మనిషి ఒకడుండాలి కదా? ఉన్నాడు. వాడు ఆ సమయంలో హెల్మెట్ తీసి జుట్టు దువ్వుకుంటున్నాడు.

మేనేజరు ఉపన్యాసం అందుకున్నాడు. “దిస్ రాజు, వెరీ కేర్‌ఫుల్ వన్...”

నా గుండెల మీద వాకీటాకీ గురగురమంది.

“ఒరే! మొలతాడు! మావోడి పేనం మొలతాడులో ఉందిరా! మీవోడు మింగినా సావడు. కడుపులోంచి పేగులు బిగించీగలడు. ఇప్పుడేటంతావు?”

నేను దాన్ని అరచేత్తో మూశాను. మేనేజరు నన్ను పొగుడుతున్నాడు.

“ఏట్రా, నోరు పడిపోనాదా? ఓడిపోనానని ఒప్పీసుకో.”

అయ్యా, మీరే చెప్పండి. నన్ను తిడితే పడతాను. డ్రాజోర్ గ్రహాలు మింగే మహానుభావుడు, ఆయన్ను ఒక మొలతాడు ఓడించిందంటే ఎలా ఊరుకోను? పక్కకి తిరిగి, మీట నొక్కి, గుసగుసగా అన్నాను.

“మొలతాడూ లేదు, గిలతాడూ లేదు. మావోడు మీవోణ్ణి సిటికెలో లేపీ...”

‘లేపీస్తాడు’ అనబోయాను, అంటే చంపేస్తాడని. సరిగ్గా అప్పుడే మేనేజరు “రాజు, కమ్!” అన్నాడు. ఉలిక్కిపడి మీట వదిలేశాను. ‘స్తాడు’ నా నోట్లోనే ఉండిపోయింది. ‘లేపీ’ ఒక్కటే పైకి వెళ్లింది. మా పక్క ‘లేపీ’ అంటే లేపెయ్ అని.

సన్యాసన్న పనిలో దేవుడని చెప్పానుగా. వాదన అక్కడికక్కడ వదిలేసి, మాట దాటకుండా లేపేశాడు.

మేనేజరు కత్తి దించేసరికి కింద కేకు లేదు. అందరూ తలలెత్తారు. పెట్టె, కేకు, ‘ప్రమాదాలు లేవు’ అన్న బ్యానరు, అన్నీ కలిసి స్వామివారి ఊరేగింపులా మెల్లగా ఆకాశానికి బయల్దేరాయి. ఓడ ఎత్తుకు చేరగానే గాలి కొట్టింది. నా ఉత్తర్వు రెండు పల్టీలు కొట్టి, తెల్లకొంగలా రెక్కలు చాచి, సముద్రంలో దిగింది.

“ఆపు! దించు! దించన్నా!”

“నువ్వే లేపమన్నావు, నువ్వే దించమంతావు! ముందు గెలిసిందెవులో తేల్సు!”

చివరికి పెట్టె దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నాకు తప్ప. నా దెబ్బ పేరు సేఫ్టీ మేడం. ఇక్కడే పుట్టిన తమిళావిడ. ఆమె చేతిలో ఫారం, పెన్ను. ఆమె వాకీటాకీలోనూ మా మాటలన్నీ వినబడ్డాయి, సగమే అర్థమయ్యాయి.

“హూ సే లిఫ్ట్? యూ సే ‘మావోడు, మావోడు’, హూ ఈజ్ దట్?”

నిజం చెప్పేస్తే అక్కడితో పోయేది. నా పిరికి నాలుక మెలిక తిరిగింది. “డ్రాజోర్, మేడం.”

“డ్రాజోర్? విచ్ కంపెనీ?”

“వెరీ ఫార్ కంపెనీ, మేడం.”

“హౌ హీ లుక్ లైక్?”

“బిగ్ సైజ్. బ్లూ కలర్.”

“బ్లూ యూనిఫామ్ ఆ?” అని ఆమె రాసేసుకుంది. వాడి ఒళ్లే నీలమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

గేట్లు మూసేశారు. పని ఆపేసి యార్డు మొత్తాన్నీ ఎండలో వరస కట్టించారు. నీలం బట్టలవాళ్లను విడిగా నిలబెట్టారు. మైకులో గొంతు మోగింది: “మిస్టర్ డ్రాజోర్, ప్లీజ్ కమ్ టు సేఫ్టీ ఆఫీస్.” ఆయన వచ్చే మనిషైతే ముందు ఆఫీసునే మింగేవాడు.

ఇంతలో క్రేన్ దిగి సన్యాసన్న వచ్చాడు. మేడం అడిగింది, “యూ నో డ్రాజోర్?”

ఆరు నెలల కసి ఆయన మొహంలోకి వచ్చింది. “నో గుడ్ మ్యాన్, మేడం. మై మ్యాన్ ఫినిష్ హిమ్.”

మేడం పెన్ను ఆగిపోయింది. “ఫినిష్?”

“యెస్, మేడం. నౌ బాడీ ఆల్సో నో. ఓన్లీ లిజార్డ్.”

ఆమె పోలీసులకు ఫోన్ చేయబోయింది. నేను ఆమె బూట్ల మీద పడ్డాను. పడి, ఏడ్చి, ఫోన్ తీసి డ్రాజోర్‌ను చూపించాను. వాడు అప్పుడే ఒక గ్రహాన్ని కొరుకుతున్నాడు. మేనేజరు ఆ నీలం మొహాన్ని, నా మొహాన్ని మార్చి మార్చి చూశాడు.

“రాజు, సూపర్‌వైజర్ క్యాన్సిల్ లా” అని వాకీటాకీ నా మెడలోంచి తనే తీసేసుకున్నాడు. ఆ రోజు నుంచి తాళ్లు మోసే పని.

సాయంత్రం రవణమ్మ ఫోన్.

“సూపర్‌వైజర్ గారేనా?”

“కాదే. ఆ పోస్టు పోనాది.”

“పోనాదా? మద్దిలో ఎవుడు తన్నుకుపోనాడు?”

“డ్రాజోర్ అని... ఒకడున్నాడులే.”

“ఆడి నోట్లో మన్నడిపోను! నీ కూడు మింగీసినాడా!” అని కాసేపు శాపాలు పెట్టి, ముక్కు చీది, మెత్తబడింది. “సరేలే, ఆడితో తగువెట్టుకోకు. పెద్దోడితో నీకేటి? మంచి సేసుకో. మనూరోడెవుడైనా వత్తే నేనో సీసా ఆవకాయ పంపుతాను.”

పంపింది. సీసా మీద కాగితం అంటించి ‘డ్రాజోర్ గారికి, మీ సెల్లెలు రవణమ్మ’ అని రాసింది. ఆ ఆవకాయ సన్యాసన్నా నేనూ కలిసి తిన్నాం. నాకు కారానికి నీళ్లొచ్చాయో సిగ్గుకొచ్చాయో తెలియదు. ఆయన మాత్రం సీసా తిప్పి చూసి, “మా ధూమ్రకంఠుడికేదిరా?” అని అలిగాడు.

అందుచేత సకల లోకాల విలన్లూ వినేట్టు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మీలో ఎవరు ఎవరితో తలపడినా, ఎవరు ఎవర్ని నమిలినా, నా నోటి నుంచి తీర్పు రాదు. ఇద్దరూ సమానమే అని ఊరుకుంటాను. ‘డ్రా’ అని మాత్రం చచ్చినా అనను. మిగతా సగం కూడా ఉందనుకుని మళ్లీ గేట్లు మూస్తారు.