లైవ్‌లో మాత్రమే వినిపించిన ఆయాసం

కరోనా తగ్గాక వచ్చిన మొదటి కార్తీకంలో, శ్రీకూర్మం కల్యాణ మండపంలో జరిగే గాత్ర కచేరీకి మా మైకుసెట్టు కుదిరింది. మా ఆయన పోయాక దుకాణం నేనే నడిపాను. చదివింది మూడో తరగతి. పని చెవితో నేర్చుకున్నాను. ఆ రోజు కచేరీ ఫోన్లలో లైవ్ కూడా రావాలన్నారు.

మిక్స్ అంటే ఏ మైకు ఎంత వినపడాలో కలిపే పాళ్ళు. హాల్లో మృదంగం మైకు లేకున్నా మోగుతుంది కనుక అక్కడ దాన్ని తగ్గిస్తాం. అదే లైవ్‌కు పంపితే మృదంగం ఉన్నట్టే తెలియదు. రెండో మిక్సరు అద్దెకు తేవడం దండగని, ఉన్నదానిలోనే విడి మీటలతో లైవ్‌కు వేరే మిక్స్ కట్టించాను. మా పెద్దోడు అప్పన్న మిక్సరు దగ్గర కూర్చున్నాడు. హాల్లో బాక్సుల మోతకు లైవ్ ఎలా ఉందో తేలదు. అందుకని నేను బయట వ్యానులో అద్దాలు మూసుకుని, ఫోనుకు ఇయర్‌ఫోన్లు పెట్టి విన్నాను. లైవ్ అర నిమిషం వెనకబడి వస్తుంది.

పాడుతున్నది రాజేశ్వరమ్మగారు, డెబ్బై దాటిన విద్వాంసురాలు. మూడో కీర్తనలో ఆవిడ గొంతు కింద సన్నటి కూత వినపడింది. అప్పన్నకు ఫోన్ చేశాను.

“వైరు సూడరా, ఏటో కూస్తన్నాది.”

“ఇక్కడేటీ నేదమ్మా, సుబ్బరంగా ఉన్నాది.”

వైరు కూత ఎడతెగకుండా ఉంటుంది. ఇది ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా వస్తోంది. మా ఆయనకు చివరి రోజుల్లో వచ్చిన పిల్లికూతలు అవే. నేను విన్నది అర నిమిషం కిందటిది. ఈ క్షణాన వేదిక మీద ఏమవుతోందో తెలియదు.

పరుగెత్తాను. కచేరీ మధ్యలో మైకువాళ్ళు వేదిక ఎక్కకూడదు. ఎప్పుడు ఆపాలో చెప్పేది గాయకురాలే. నా లెక్క తప్పితే ఆ చుట్టుపక్కల మాకు ఇంకెవరూ పని ఇవ్వరు. అయినా వెనకనుంచి వంగి వెళ్ళి మృదంగం అబ్బాయి చెవిలో చెప్పాను.

“బాబూ, అమ్మగారికి ఊపిరాడ్డం నేదు. తని ఎత్తుకో.”

తని అంటే మృదంగం ఒంటరిగా మోగే భాగం. అప్పుడు గొంతుకు విశ్రాంతి. అతను ఆవిడ పెదవుల రంగు చూసి ఎత్తుకున్నాడు. హాలు మీట దించినంత మాత్రాన లైవ్ ఆగదు. ఆవిడ ఆయాసం ఎవరికీ వినపడకుండా, ఆవిడ మైకుకు రెండు మీటలూ దించమని అప్పన్నకు సైగ చేశాను.

ఆవిడ నావైపు తిరిగారు. “ఏటే, నా కచేరీలో నువ్వెవత్తివే...” మాట పూర్తి చేయడానికి ఊపిరి అందలేదు.

ఆవిడను శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికారు. తర్వాతి కచేరీకి ఆవిడే మైకు మాకు చెప్పి, “ఆ మైకుసెట్టు ముసిల్దాన్ని స్టేజీ ఎక్కనీకండి” అన్నారట.

అర నిమిషం ఆలస్యంగా విని చేసేది తనిఖీ కాదు. ఆ తర్వాతి కచేరీకి మిక్సరు నుంచి వ్యాను దాకా నేరుగా వైరు లాగించాను. దాని ధర దగ్గర బేరం ఆడలేదు.